అంచె, ధార, చెరువు



కళాశాలలో చదివినవారికి 'ప్రాక్సీ' అన్న మాటను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. తరగతికి రాని స్నేహితుడి పేరు పిలిచినప్పుడు వెనుక బల్ల నుండి మరొకడు 'ప్రెజెంట్ సార్' అనడమే ప్రాక్సీ. ముప్ఫై యేళ్ళకు పైగా హాజరుపట్టీ పట్టుకొన్నవాణ్ణి కనుక ఆ గొంతు మార్పిడులు నాకు బాగా తెలుసు. కంప్యూటర్ల లోకంలో కూడ ఆ మాటకు ఇంచుమించు అదే అర్థం. ఒకరి బదులు మరొకరు పలకడం. మనం అడిగింది అసలు యంత్రాన్ని, బదులిచ్చేది నడుమ నిలిచిన యంత్రం.

ఇక స్ట్రీమింగు. పాటో ప్రసంగమో మొత్తం దిగేదాకా ఆగకుండా, వస్తున్నది వస్తున్నట్టే వినడం. దీనిని నేను 'ధారాప్రసారం' అంటున్నాను. ఆ ధారను మూలం నుండి తాను ఒక్కసారి అందుకొని, అడిగినవారికందరికీ తానే పంచిపెట్టే నడిమి యంత్రం స్ట్రీమింగ్ ప్రాక్సీ సర్వరు. దానిని వర్చువల్ మెషీన్లలోను కంటైనర్లలోను నిలబెట్టడం ఈ కాలపు పద్ధతి. ఇదంతా తెలుగు పండితుడికి ఎందుకని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కారణం ఉన్నది. ఈ యంత్రం కొత్తదే గాని, అది చేసే పని మన సీమకు కొత్త కాదు. దానికి మన భాషలో ఒక పేరు కూడ ఎప్పటి నుండో ఉన్నది. ఆ పేరు 'అంచె'.

మాట ముచ్చట

అంచ అంటే హంస. అంచె వేరు. దూరప్రయాణంలో అలసిన గుర్రాలను, బోయీలను మార్చుకొనే మజిలీ అంచె. ఒక మనిషి కడప నుండి మద్రాసు దాకా పరుగెత్తలేడు. కాని ఉత్తరం పరుగెత్తగలదు, నడుమ అంచెలుంటే. అందుకే కన్నడిగులు నేటికీ తపాలాను 'అంచె' అనే అంటారు. మనకు మాత్రం ఆ మాట 'అంచెలంచెలుగా' అన్న పలుకుబడిలో మిగిలింది. ఇంగ్లీషు వారి 'రిలే' కథ కూడ ఇదే. వేటలో, ప్రయాణంలో అలసిన కుక్కలకు, గుర్రాలకు బదులుగా దారిలో సిద్ధంగా నిలిపిన తాజా జట్టును మొదట రిలే అన్నారు. తంతికి, రేడియోకు ఆ మాట తరువాత ఎక్కింది.

మరొక చుట్టరికం కూడ చెప్పి ముందుకు సాగుతాను. బ్లాగులో రాసేదానికి మనం ఏనాడో 'టపా' అని పేరు పెట్టుకొన్నాము. అది తపాలాకు దగ్గరి చుట్టం. మరాఠీలో 'టప్పా' అంటే మజిలీయే. అంటే మనమందరం తెలిసో తెలియకో అంచె మాటనే పట్టుకొని ఇన్నేళ్ళుగా రాస్తున్నామన్నమాట.

గాలిలో అంచెలు

మాది పెండ్లిమర్రి ప్రాంతం. కడప నుండి బెంగుళూరుకని తలపెట్టిన కొత్త రైలుమార్గంలో మొట్టమొదట పట్టాలు పడినది మా ఊరి దాకానే, సుమారు 21 కిలోమీటర్లు. రైలుకు మేము తొలి అంచె అయినాము. కాని రేడియోకు మాత్రం చాలాకాలం చిట్టచివరి అంచె మాదే.

ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950లో హైదరాబాదు కేంద్రం ఆలిండియా రేడియోలో చేరింది. పటం మీద చూస్తే ఈ మూడూ మాకు దూరపు చుట్టాలే. మీడియం వేవ్ తరంగం పగటిపూట నేలను అంటిపెట్టుకొని పోతుంది, పోతూ పోతూ బలం కోలుపోతుంది. రాత్రిపూట పై అయనావరణాన్ని తాకి తిరిగి దిగుతుంది కనుక దూరానికి అందుతుంది గాని, అలలలాగ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. నాకన్న పెద్దవారు విజయవాడ వార్తలను 'వచ్చీ రాని వార్తలు' అనేవారు. వార్త రాలేదని కాదు, గొంతు వచ్చి పోతుండేదని. షార్ట్ వేవ్ మీద సముద్రం అవతలి రేడియో సిలోన్ తెలుగు పాటలు, మన సొంత రాష్ట్రపు కేంద్రం కన్నా తేటగా వినబడిన సాయంకాలాలు ఉండేవట.

ఆ కొరత తీరింది 1963లో, కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చినప్పుడు. తొలిరోజులలో దాని ముఖ్యమైన పని ఇతర కేంద్రాల కార్యక్రమాలను అందుకొని తిరిగి ప్రసారం చేయడం. అంటే అచ్చంగా అంచె పని. తరువాత సొంత కార్యక్రమాలు పెరిగినవి, స్థానిక కళాకారులు, కవులు, రైతులు మైకు ముందుకు వచ్చినారు. దానికి కేటాయించిన పౌనఃపున్యం 900 కిలోహెర్ట్జ్. లెక్క కట్టి చూస్తే తరంగదైర్ఘ్యం 333.3 మీటర్లు. ఈ రెండు అంకెలు మా తరం వారికి ఎక్కాలతో పాటు నోటికి వచ్చినవి. విజయవాడ ప్రాంతీయ వార్తలు, ఢిల్లీ తెలుగు వార్తలు, 1974 నుండి సంస్కృత వార్తలు, అన్నీ ఈ అంచె మీదుగానే మా ఇళ్ళలోకి వచ్చినవి.

ఒక కేంద్రం మాటను మరొక కేంద్రానికి చేర్చడానికి మూడు దారులుండేవి. ఒకటి, టెలిఫోను శాఖ వారి తీగలు. రెండు, షార్ట్ వేవ్‌లో వస్తున్నదానిని మంచి రిసీవరుతో పట్టి తిరిగి మీడియం వేవ్‌లో వదలడం. మూడు, 1983లో కక్ష్య చేరిన ఇన్సాట్-1బి తరువాత వచ్చిన ఉపగ్రహపు దారి. ఇవి కాక నాలుగవది కూడ ఉండేది, అది ధార కాదు, మూట. కార్యక్రమాన్ని టేపు మీద రికార్డు చేసి, ప్రతులు తీసి, కేంద్రాలకు పంపడం. 1957లో మొదలైన వివిధభారతి కార్యక్రమాలెన్నో ఇట్లా టేపులుగా ఊళ్ళు తిరిగినవి. ఇప్పటి కంప్యూటరు భాషలో మొదటి మూడు ప్రత్యక్ష ధారలు. నాలుగవది 'క్యాషింగ్', అంటే అడగబోయేవారి దగ్గరకు ముందే ప్రతిని చేర్చి పెట్టుకోవడం.

ఇక చివరి అంచె పంచాయతీ రేడియో. ఆఫీసు గదిలో పెట్టె, చావడి మీద పెద్ద గొట్టం. ఊరికి ఒక్కటే రిసీవరు, వినేవారు వందమంది. ఢిల్లీలోని స్టూడియోకు ఈ వందమంది సంగతి తెలియదు. తెలియనక్కర లేదు కూడ. ప్రాక్సీ సర్వరు సారమంతా ఇందులోనే ఉన్నది.

అంచెకు జ్ఞాపకం ఉండదు

ఇంతవరకు అంచె గొప్పతనం చెప్పినాను. దాని లోపం కూడ చెప్పకపోతే చరిత్ర కాదు, స్తోత్రమవుతుంది. అంచె దాటిస్తుంది. దాచదు. ఉత్తరం మోసే బోయీకి అందులో ఏమి రాసి ఉన్నదో తెలియదు, మరునాటికి ఆ ఉత్తరం జాడే అతని వద్ద ఉండదు. రేడియో అంచె కూడ అంతే. గాలిలోకి వదిలిన మాట గాలిలో కలిసింది. టేపు ఉన్నది కదా అంటే, అది ఖరీదైన వస్తువు. ఒకదాని మీద మరొకటి రాసి వాడుకొనడం ఆ కాలంలో లోకమంతటా ఉన్నదే. లండన్‌లోని బి.బి.సి. వంటి సంస్థ కూడ 1960లలో తాను తీసిన నాటకాల టేపులు ఎన్నింటినో చెరిపివేసి, తరువాత వాటికోసం ప్రపంచమంతా గాలించింది. విదేశాలకు అమ్మిన ప్రతులు అక్కడక్కడ దొరికితే పండుగ చేసుకొన్నది.

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ చంద్రుడి మీదిది. 1969 జూలైలో అపోలో-11 నుండి వచ్చిన బొమ్మను ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్, పార్క్స్, అమెరికాలోని గోల్డ్‌స్టోన్ కేంద్రాలు అందుకొన్నవి. ఆ బొమ్మ మామూలు టెలివిజనుకు పనికివచ్చే తీరులో లేదు కనుక అంచెలో దాని రూపు మార్చి ముందుకు పంపినారు. లోకం చూసినది ఆ మారిన, మసకబారిన బొమ్మను. అంతకన్నా తేటైన మూలం ఆ అంచెలలోనే టేపుల మీద రికార్డయింది. ఆ టేపులు తరువాతి కాలంలో చెరిపి మళ్ళీ వాడుకొని ఉంటారని నాసా 2009లో ప్రకటించింది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన దృశ్యమే అంచెలో నిలవలేకపోతే, మా పల్లెల చెక్కభజన పాట నిలుస్తుందా? టెలివిజన్ సంస్థల వద్ద మిగిలిన ప్రతుల నుండే ఆ బొమ్మను మళ్ళీ బాగుచేసుకోవలసి వచ్చింది.

కడపలో దీనికి ఎదురు ఉదాహరణ ఉన్నది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, తరువాత ఇక్కడే బంగళా కొని, పండితులకు తన సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాటాకు గ్రంథాలకు ప్రతులు రాయించినాడు. పాఠాలు పోల్చి చూపించినాడు. తాటాకుకు ఆయుస్సు తక్కువ, దానిని తిరిగి రాసేవాడుంటేనే గ్రంథం బ్రదుకుతుంది. తరతరాలుగా మన సాహిత్యం ఇట్లా అంచెల మీదనే వచ్చింది. కాని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పూనుకొని, దాటించడంతో తృప్తిపడక దాచినారు. బ్రౌన్ బంగళా ఉండిన చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వలన ఆయన పేరిట గ్రంథాలయం, పరిశోధన కేంద్రం వెలసినవి. దాటించినవారి పేర్లు మనకు తెలియవు. దాచినవారి పేర్లు తెలుసు. అది అన్యాయమే కావచ్చు, కాని చరిత్ర అట్లాగే నడిచింది.

అంతర్జాలంలో అంచెలు

అంతర్జాలం మొదట్లో ఈ పాఠాలన్నీ మళ్ళీ మొదటి నుండి నేర్చుకొన్నది. 1992 మార్చిలో అమెరికాలోని శాండియేగోలో జరిగిన ఇంజనీర్ల సమావేశపు మాటలను మూడు ఖండాలలో సుమారు ఇరవై చోట్లకు ధారగా పంపినారు. ఆ ప్రయోగానికి 'ఎంబోన్' అని పేరు. దారిలో ప్రతి కూడలి వద్ద ఒకే ధార చీలి కొమ్మలు కొమ్మలుగా పోవాలన్నది దాని ఊహ. పంట కాలువ లాగ. కాని జాలానికి వ్యాపార సంస్థలు యజమానులైన తరువాత, ఆ పద్ధతి ఒకరి హద్దు దాటి మరొకరి హద్దులోకి పోలేకపోయింది. అప్పుడు మిగిలిన దారి అంచెలే.

1994లో జెనీవాలోని సెర్న్ ప్రయోగశాలలో, వెబ్ పుట్టిన చోటనే, పేజీలను నడుమ దాచి పంచే ప్రాక్సీ సర్వరును తయారుచేసినారు. 1996లో 'స్క్విడ్' వచ్చింది. 1995లో రియల్ ఆడియో, 1998 చివరలో షౌట్‌కాస్ట్, ఆ వెనువెంటనే ఉచితమైన ఐస్‌కాస్ట్ వచ్చి, ఇంట్లో కంప్యూటరు ఉన్న ప్రతివాడూ రేడియో కేంద్రం పెట్టుకొనే వీలు కల్పించినవి. ఐస్‌కాస్ట్‌లో రిలే ఏర్పాటు కూడ ఉన్నది. ఒక సర్వరు మరొక సర్వరుకు తాను శ్రోతగా చేరి, అందుకొన్నదానిని తన శ్రోతలకు పంచుతుంది. మా పంచాయతీ రేడియోయే!

1998లో ఎం.ఐ.టి. ఆచార్యుడు టామ్ లైటన్, ఆయన శిష్యుడు డేనియల్ లెవిన్ కలిసి అకమై అనే సంస్థను పెట్టినారు. లోకమంతటా వేల అంచెలు నిలిపి, అడిగినవానికి దగ్గరి అంచె నుండి అందించడం దాని పని. 2001 సెప్టెంబరు 11న ఉగ్రవాదులు ఢీకొట్టించిన మొదటి విమానంలో లెవిన్ మరణించినాడు. అదే రోజున వార్తల కోసం లోకమంతా ఒక్కసారి జాలం మీద పడినప్పుడు, ఆయన ఆలోచించిన అంచెలే ఎన్నో వార్తాసంస్థల బరువును మోసినవి.

2009లో యాపిల్ సంస్థ తెచ్చిన హెచ్.ఎల్.ఎస్. పద్ధతి మరొక మలుపు. ధారను కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, ఆ ముక్కల వరుసను ఒక చిన్న పట్టికలో రాసి ఉంచుతుంది. ముక్క మామూలు ఫైలే కనుక ఏ మామూలు ప్రాక్సీ అయినా దానిని కొంతసేపు దాచి పదిమందికి ఇవ్వగలదు. ధారకు, మూటకు మధ్య ఉండిన పాత భేదం ఇక్కడ చెరిగిపోయింది. ఈనాడు ఆకాశవాణి కడప ప్రసారాన్ని న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఏ దేశం నుండైనా వినగలుగుతున్నామంటే ఇట్లాంటి అంచెల పుణ్యమే.

ఇల్లు, గది

అంచె నిలబడడానికి చోటు కావాలి. దాని కథ వేరే ఉన్నది. 1967 జనవరిలో అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐ.బి.ఎం. పరిశోధకులు సి.పి.-40 అనే ఏర్పాటును వాడుకలోకి తెచ్చినారు. ఒకే పెద్ద యంత్రం, కాని వాడే ప్రతివానికీ తన కొరకే ఒక పూర్తి యంత్రం ఉన్నట్టు భ్రమ. ఇది వర్చువల్ మెషీను. 'మిథ్యాయంత్రం' అంటే వేదాంతం అవుతుందేమో గాని, అర్థం సరిగ్గా అదే. 1999లో వీఎంవేర్ ఆ విద్యను మామూలు కంప్యూటరుకు దించింది. 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుండి జెన్, 2007లో లినక్స్‌లోనే భాగంగా కె.వి.ఎం. వచ్చినవి. నెలకు ఇంతని అద్దె కట్టి దూరదేశంలో యంత్రం తీసుకొనే వ్యాపారమంతా వీటి మీదనే లేచింది.

కంటైనరు అంతకన్నా తేలిక. దాని మూలం 1979లో యూనిక్స్‌లో చేరిన 'చ్‌రూట్' అనే చిన్న ఆజ్ఞ. నడుస్తున్న ప్రోగ్రాముకు ఒక అరను చూపి, లోకమంతా ఇదే అని నమ్మించడం. 2000లో ఫ్రీబీఎస్‌డీ 'జైలు' పేరుతో ఆ గోడలను గట్టిపరచింది. 2008లో లినక్స్‌లో సి-గ్రూపులు చేరి, ఎవరికి ఎంత మెమరీ, ఎంత పొద్దు అన్న పంపకం నేర్పినవి. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ ఐదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను లోకానికి చూపినాడు. పేరు మాత్రం ఓడలది. 1956లో మాల్కం మెక్లీన్ 58 ఇనుప పెట్టెలను ఓడకెక్కించి న్యూవార్క్ నుండి హ్యూస్టన్‌కు పంపినప్పటి నుండి, లోపల ఏమున్నదో చూడకుండా పెట్టెను పెట్టెగానే దించి ఎక్కించే పద్ధతి వచ్చింది. డాకర్ చేసినదీ అదే. ప్రోగ్రామును, దానికి కావలసిన సరంజామాను ఒకే పెట్టెలో పెట్టి, ఏ యంత్రం మీదికైనా ఎక్కించడం.

రెంటికీ తేడా మన ఇళ్ళ భాషలో చెబుతాను. వర్చువల్ మెషీను అంటే ఒకే స్థలంలో వేరు వేరు పునాదులతో కట్టుకొన్న ఇళ్ళు. కంటైనరు అంటే ఒకే మిద్దెలో వేరుపడిన అన్నదమ్ములు. పునాది ఒకటే, కప్పు ఒకటే. పొయ్యిలు వేరు, గాదెలు వేరు. ఇళ్ళ కట్టడానికి ఖర్చెక్కువ, కాని ఒకరి గోడ కూలితే మరొకరికి ముప్పు లేదు. మిద్దెలో కాపురం చవక, కాని పునాది కదిలితే అందరికీ కదులుతుంది. అందుకని పెద్దలు రెంటినీ కలిపి వాడుతారు. అద్దెకు తీసుకొన్న ఇంటిలో గదులు వేస్తారు.

మా చిన్న అంచె

నా శిష్యులలో చాలామంది కువైత్‌లో ఉన్నారు. కడప జిల్లా నుండి గల్ఫుకు పోయిన కుటుంబాల సంగతి మీకు చెప్పనవసరం లేదు. వారి కోరిక మీద వారానికి ఒకరోజు గంటసేపు భాగవత పఠనం, అప్పుడప్పుడు ఊరి కళాకారుల పాట, ధారగా పంపుతున్నాము. ఏర్పాటంతా చేసినవాడు మా మేనల్లుడు. లెక్క చూడండి. మంచి గొంతు వినబడడానికి సెకనుకు 64 కిలోబిట్లు చాలు. యాభైమంది విన్నారనుకొంటే 3,200 కిలోబిట్లు. పల్లెటూరి కనెక్షన్ ఎగుమతికి అది బరువు. ఒకరి గొంతు తెగితే అందరిదీ తెగుతుంది. నడుమ అంచె పెడితే మా ఇంటి నుండి పోయేది ఆ 64 మాత్రమే. మిగతా బరువంతా అంచెది.

ఆ అంచె అద్దెకు తీసుకొన్న ఒక చిన్న వర్చువల్ మెషీను. అందులో మూడు కంటైనర్లు. మొదటిదానిలో ఐస్‌కాస్ట్, మా ధారను సంకేతపదం అడిగి అందుకొని పంచుతుంది. రెండవది ఎంజినెక్స్, వాకిట నిలిచి వచ్చినవారిని చూసి లోపలికి పంపే ద్వారపాలకుడు, తాళంచెవుల సర్టిఫికెట్ల బాధ్యత కూడ దానిదే. మూడవది కేవలం వినేవాడు. తానూ ఒక శ్రోతగా చేరి, విన్నది విన్నట్టు ఫైలులోకి రాస్తాడు. ఈ మూడింటినీ వర్ణించే ఒక చీటీ ఉన్నది. యంత్రం పాడైతే మరొక యంత్రం మీద ఆ చీటీ చూపితే నిమిషాలలో మళ్ళీ అదే అంచె లేచి నిలుస్తుంది.

మూడవ కంటైనరు గురించి మేనల్లుడు చెప్పిన ఒక మాట నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది. "మామా, కంటైనరు తీసేస్తే దాని లోపల రాసిందంతా పోతుంది. దాచుకోవాల్సింది బయట పెట్టాల." కంటైనరు పుట్టుకే అట్లాంటిది. ఎప్పుడంటే అప్పుడు పారవేసి కొత్తది తెచ్చుకొనడానికే దానిని చేసినారు. మరపు దాని దోషం కాదు, స్వభావం. అందుకని 'వాల్యూమ్' అనే బయటి అరను దానికి తగిలిస్తారు. గది కూలినా గాదె మిగలాలి గదా. ఆ గాదెకు వేరొక చోట మరొక ప్రతి ఉండాలి.

పక్క పల్లెలో చెక్కభజన నేర్పే పెద్దాయన ఒకరు ఒకసారి గంటసేపు మాకోసం పాడినారు. మరుసటి యేడు కాలం చేసినారు. కువైత్‌లోని కొడుక్కు సెలవు దొరకక కడచూపుకు రాలేకపోయినాడు. నెల తరువాత ఫోను చేసి అడిగినాడు: "సార్, ఆ రోజు మా నాయన పాడింది యాడన్నా ఉందా?" ఉన్నది. పంపినాము. 28.8 మెగాబైట్ల ఫైలు. ఆనాటి ధారను విన్నవారు ముప్ఫైమంది ఉంటారు. వారిలో ఎవరి దగ్గరా ఆ పాట లేదు. ధార అందరిదీ అయింది, ఎవరి దగ్గరా మిగలలేదు.

పోరుమామిళ్ళ పాఠం

ధారను, దాపును కలిపి ఆలోచించిన పాఠం మా జిల్లాలోనే రాతి మీద ఉన్నది. పోరుమామిళ్ళ చెరువును 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించినాడు. అక్కడి సంస్కృత శాసనం, రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ కాలం పట్టిందని చెబుతుంది. అంతటితో ఆగక, మంచి చెరువుకు పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను లెక్కపెడుతుంది. ఆ ఆరు దోషాలు చదివినప్పుడల్లా మా చిన్న అంచె నాకు గుర్తుకు వస్తుంది.

కట్ట నుండి నీరు ఊరడం మొదటి దోషం. సంకేతపదం లేని ప్రాక్సీ అంతే, ఎవరెవరో వచ్చి తమ పనికి వాడుకొంటారు. చవుడు నేల రెండవది. నమ్మరాని చోట అద్దెకు దిగడం. రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం మూడవది. ఇతరుల ప్రసారాన్ని అనుమతి లేక మన అంచె మీదుగా పంపడం ఇట్లాంటి తగవే. మన 1957 నాటి కాపీరైటు చట్టం 37వ సెక్షను ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 యేళ్ళ హక్కు ఇచ్చింది. చెరువు నడుమ మిట్ట ఉండడం నాలుగవది, అక్కరలేని ప్రోగ్రాములు చోటు తినడం. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం అయిదవది, 64 కిలోబిట్లను యాభైతో గుణించక ముందే అందరినీ పిలవడం. నీరు ఎక్కువై నేల తక్కువ కావడం ఆరవది, పదిమంది శ్రోతలకు పెద్ద యంత్రం అద్దెకు తీసుకొని నెలనెలా చేతులు కాల్చుకోవడం.

పోలిక పోలికే. కాని కాలువకు, చెరువుకు ఉన్న భేదం ఈ సీమవారికి పుస్తకం చదివి తెలుసుకోవలసినది కాదు. వాన పడిన నాడు పారే నీరు అందరికీ కనబడుతుంది. వాన లేని నాడు తాగేది చెరువులో నిలిచిన నీరే. పారనిదే చెరువు నిండదు, నిలపనిదే పారినది దక్కదు. రేడియో కాలంలో మనం ఎంతో పారించినాము, కొంతే నిలిపినాము. అప్పుడు టేపు ఖరీదన్న సాకు నిజమైనదే. ఇప్పుడు వారానికి ఒక గంట చొప్పున యేడాది పొడుగునా, యాభై రెండు వారాలు దాచినా ఒకటిన్నర గిగాబైటు. జేబులోని ఫోనులో ఒక మూలకు రాదు. ఇక సాకు లేదు.

మీలో చాలామంది సాంకేతిక విద్యలో నాకన్న పెద్దవారు. మీ మీ ఊళ్ళలో గుడి ఉత్సవాలు, హరికథలు, అవధానాలు ధారగా వస్తున్నవి. వాటిని పంపే మిత్రులకు ఒక్క మాట చెప్పండి. అంచెలో మూడవ కంటైనరు ఒకటి ఉండాలని, దాని గాదె బయట ఉండాలని. 'ధారాప్రసారం' కన్నా చక్కని తెలుగు మాట తోచినవారు దయచేసి రాయండి. 'అంచె'ను మాత్రం వదులుకొనే ఉద్దేశం నాకు లేదు.

స్వస్తి.